చిరవియోగము, పునస్సమాగమము: ‘ది బెస్ట్ ఆఫ్ మి’ నవలా పరిశీలనము

ప్రేమించినవారు విధివశమున విడిపోయి చిరకాలమునకు మరల ఎదురుపడుట యనునది సాహిత్యమున మిక్కిలి ప్రాచీనమైన ఇతివృత్తము. అభిజ్ఞానశాకుంతలమున సప్తమాంకము, ఉత్తరరామచరితమున తృతీయాంకము ఇందులకు మనవారు తఱచుగా చూపు లక్ష్యములు. పాశ్చాత్య వాఙ్మయమునను ఇట్టి కథలకు కొఱత లేదు. జేన్ ఆస్టిన్ మరణించిన 1817వ సంవత్సరపు చివరి మాసమున వెలువడిన ‘పెర్సుయేషన్’ నవలలో నాయికానాయకుల వియోగము ఎనిమిదేండ్లు. గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ 1985లో ప్రకటించిన నవల, ‘లవ్ ఇన్ ద టైమ్ ఆఫ్ కలరా’ అని ఆంగ్లమున ప్రసిద్ధమైనది, ఈ వియోగమును 51 సంవత్సరముల 9 నెలల 4 దినములుగా లెక్కించి చెప్పినది. సామాన్య ప్రేమకథకు నాయకుడు, నాయిక చాలుదురు. పునస్సమాగమ కథకు వీరితోపాటు కాలము కూడ ఒక పాత్రయై నిలువవలసియుండును. ఆ మూడవ పాత్రను తీర్చిదిద్దుటలోనే రచయిత శక్తి తేలిపోవును.

అమెరికన్ నవలాకారుడు నికొలస్ స్పార్క్స్ 2011లో ప్రకటించిన ‘ది బెస్ట్ ఆఫ్ మి’ ఈ ఇతివృత్తమును చేపట్టిన నవల. ఇట్టి జనరంజక రచనను విశ్వవిద్యాలయ పరిశోధన సంచికలో చర్చింపవలయునా యని కొందఱు సందేహింపవచ్చును. దీనిని లక్షలాది పాఠకులు చదివిరి. 2014లో మైకేల్ హాఫ్మన్ దర్శకత్వమున చలనచిత్రముగా కూడ వచ్చినది. మన కళాశాలలలో సాహిత్యము చదువు యువతీయువకులలో పలువురు ప్రబంధములకంటె ముందుగా ఇట్టి నవలలనే చదువుచున్నారు. వారు చదువునది మన చర్చకు తగదనుట విమర్శకు గౌరవము కాదు. అంతేకాక, ఒక ఇతివృత్తమునకు ఏ యంగము ప్రాణభూతమో సుసంపన్నమైన కృతిలో వెంటనే కానరాదు. అన్ని యంగములును కలిసి నడచుచుండును. లోపించిన కృతిలో ఆ లోపించిన యంగమే తన విలువను చాటుకొనును. ఈ వ్యాసకర్త ఈ నవలను ఆశతో చదువనారంభించి, నిరాశతో ముగించినాడు. ఆ నిరాశకు కారణములను శాస్త్రదృష్టితో పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

కథాసంగ్రహము

ఉత్తర కెరొలైనా రాష్ట్రమున నూస్ నదీతీరమందు ఓరియెంటల్ అను చిన్న యూరు కలదు. అందు కోల్ వంశమువారు దౌర్జన్యమునకు పేరుపడినవారు. ఆ వంశమున పుట్టియు దాని స్వభావము నంటని యువకుడు డాసన్ కోల్. తండ్రి హింసకు తాళలేక ఇల్లు విడిచి, టక్ హోస్టెట్లర్ అను వృద్ధుని మోటారు మరమ్మతు శాలలో తలదాచుకొనెను. ఊరిలో పేరుగల కుటుంబమునకు చెందిన అమాండా కోలియర్ ఇతనిని ప్రేమించెను. అది 1984. కన్యక తల్లిదండ్రులు ఒప్పుకొనలేదు. ఆమె భవిష్యత్తునకు తాను అడ్డు కారాదని డాసన్ తప్పుకొనెను. పిమ్మట అతడు నడుపుచున్న వాహనము తగిలి డేవిడ్ బానర్ అను వైద్యుడు మరణించెను. డాసన్ చెరసాల ననుభవించి, ఊరు విడిచి, లూసియానా తీరమున సముద్రములోని చమురు బావులపై కూలియై, ఏకాకియై బ్రతికెను. ఆ వైద్యుని భార్యాబిడ్డలకు తన పేరు తెలియనీయక ధనము పంపుచుండెను.

అమాండా ఫ్రాంక్ అను దంతవైద్యుని వివాహమాడి బిడ్డలను కనెను. వారిలో బీ అను చిన్నారి మరణించెను. ఆ దుఃఖానంతరము భర్త తాగుడునకు లోనయ్యెను. ఇరువదియైదేండ్లు గడచిన పిదప టక్ మరణించుచు, తన చితాభస్మమును చల్లు పనిని వీరిరువురకును అప్పగించి, చెఱియొక లేఖయు వ్రాసియుంచెను. ఆ నెపమున వారు ఓరియెంటల్‌లో కలిసికొనిరి. కొలది దినములు కలిసి గడపిరి. తుదకు అమాండా కుటుంబమును విడువలేక వెనుకకు మరలెను. ఆ సమయముననే ఆమె కుమారుడు జేరెడ్ కారు ప్రమాదమున గాయపడి, హృదయము చెడి, మరణాసన్నుడయ్యెను. అటు డాసన్, తన వలన మరణించిన వైద్యుని కుమారుడు ఆలన్‌ను తన దాయాదుల దౌర్జన్యమునుండి కాపాడబోయి, వారిలో నొకని తుపాకికి బలియయ్యెను. డాసన్ హృదయమునే వైద్యులు జేరెడ్ దేహమున అమర్చిరి.

గుణములు

దోషములను చెప్పుటకు ముందు గుణములను చెప్పుట న్యాయము. ఈ రచయితకు స్థలమును కన్నులకు కట్టించు నేర్పు కలదు. మోటారు శాలలోని నూనెవాసన, నదీతీరపు ఉక్క, ఊరివారి చూపులలోని వంశద్వేషము, ఇవన్నియు సహజముగా చిత్రితములు. టక్ పాత్ర మనసునకు హత్తుకొనును. భార్య క్లారా మరణించిన తర్వాత కూడ ఆమె కొఱకు నాటిన పూలతోటను ఆ వృద్ధుడు విడువలేదు. ఉద్దీపన విభావములుగా ఆ తోట, ఆ లేఖలు, ఆ పాత యిల్లు చక్కగా కుదిరినవి. వియోగమును సహించిన వృద్ధుని కథను వియోగమున నున్న మధ్యవయస్కుల కథకు ప్రక్కన నిలుపుట మంచి సంవిధానము.

ఇంతకును మించిన గుణము నాయికానాయకుల వయస్సు. ఇరువురును నలువది దాటినవారు. పదునెనిమిదేండ్ల ప్రేమను చిత్రించుట సులభము. దానికి ముందున్నది యంతయు ఆశయే. నలువది రెండేండ్ల స్త్రీ, ముగ్గురు బిడ్డల తల్లి, తాగుబోతు భర్తతో కాపురము చేయుచున్నది, తొలిప్రేమికుని ఎదుట మరల నిలుచుట కఠినమైన ఘట్టము. ఆమె ఏమి చేయును? ఏమి చేసిన ధర్మము? ఏమి చేసిన సుఖము? రెండును ఒక్కటి కానప్పుడు దేనిని విడువవలయును? ఈ ప్రశ్నలను పాఠకునిలో రేకెత్తించుటవరకు రచయిత కృతకృత్యుడు. నాకు కలిగిన ఆశకు కారణమును ఇదియే.

సమాగమ ఘట్టము

ఆలంకారికులు విప్రలంభమును పూర్వరాగ, మాన, ప్రవాస, కరుణ భేదములచే నాలుగు విధములుగా విభజించిరి. మన కథ ప్రవాసముగా నడచి కరుణముగా ముగియును. విప్రలంభము పుష్టి నొందుట సంచారిభావముల వలన గదా! చిరవియోగానంతరము ఎదురుపడిన ఇరువురి మనసులలో ఏ యే సంచారులు పొడసూపవలయును? స్మృతి, ఔత్సుక్యము ఎట్లును ఉండును. వానితోపాటు వ్రీడ, శంక, గ్లాని, అసూయ, అమర్షము, నిర్వేదము ఉండకపోవునా? నన్ను విడిచిపోయినవాడితడు, నేను లేకయే ఇన్నేండ్లు బ్రతికినదీమె, అను తలపు ఒక్క క్షణమైనను కలుగని సమాగమము లోకమున నున్నదా?

‘పెర్సుయేషన్’లో వెంట్వర్త్ ఎనిమిదేండ్ల తర్వాత ఆన్ ఎలియట్‌ను చూచినప్పుడు ఆతనిలో మొదట పొడసూపినది కోపము. పరుల మాట విని తన్ను త్రోసిపుచ్చినదను బాధను అతడు మఱవలేదు. ఆమె యెదుటనే ఇతర కన్యలతో చనువుగా మెలగును. ఆ యమర్షము మెల్లమెల్లగా కరగి, అడుగున నున్న రతి తేలివచ్చును. ఆన్ కూడ తుదిలో ‘నాది తప్పు’ అని సులభముగా చెప్పివేయదు. తనకు ఇచ్చిన సలహా తప్పైనను, ఆ వయసున పెద్దల మాట వినుట తప్పు కాదని నిలిచి పలుకును. ఎనిమిదేండ్లు వృథాగా పోలేదు. వారిరువురును ఆ కాలమున మాఱిరి, పెరిగిరి. 

మన నాటకములలోను ఇట్లే. మారీచాశ్రమమున దుష్యంతుడు చూచిన శకుంతల కణ్వాశ్రమపు శకుంతల కాదు. మలినవస్త్రము, ఏకవేణి, నియమక్షామమైన ముఖము ఆమెకు అలంకారములు. రాజు ఆమె పాదములపై పడును. అంతకు ముందే పంచమాంకమున నిండుసభలో ఆమె నోట వెడలిన పరుషవాక్యములను మనము వినియున్నాము గనుక ఆ పాదపతనమునకు బరువు కలిగినది. భవభూతి ఇంకను ముందుకు పోయెను. పండ్రెండేండ్ల పిదప పంచవటిలో సీత రాముని చూచుచున్నది. రాముడు ఆమె స్పర్శను ఎఱుగును గాని ఆమెను చూడలేడు. వాసంతి రాముని నిష్ఠురములాడుచుండగా, ఆ నిష్ఠురములను ఆడదగిన సీత అదృశ్యయై విని కరగుచుండును. నింద ఒకరి నోటను, క్షమ మఱొకరి హృదయమునను నిలిచిన ఆ ఘట్టమువంటిది మఱొకటి దుర్లభము.

ఈ లక్ష్యములను మనసున నుంచుకొని ‘ది బెస్ట్ ఆఫ్ మి’ చదివినచో లోపము స్పష్టమగును. డాసన్, అమాండా కలిసికొనిన వెంటనే ఇరువదియైదేండ్లు మాయమగును. అతనికి ఆమెపై కోపము లేదు. ఆమెకు అతనిపై నున్న చిన్న యభియోగము కొన్ని మాటలలో తీరిపోవును. అతడు ఇన్నేండ్లలో వేఱొక స్త్రీని ప్రేమింపలేదు, మాఱలేదు, అలసిపోలేదు. చెరసాల, చమురు బావులు, ఒంటరితనము అతని దేహమును గట్టిపఱచెనే కాని మనసున ఒక్క మచ్చను మిగుల్చలేదు. కాలము మూడవ పాత్ర కావలసిన కథలో కాలము తెర వెనుకనే నిలిచిపోయెను. మార్క్వెజ్ నవలలో వృద్ధులైన ప్రేమికులు ఒకరి దేహవార్ధక్యమును మఱొకరు ఎఱిగియే, దాని వాసనను కూడ ఎఱిగియే దగ్గఱగుదురు. ఇక్కడ నలువది రెండేండ్ల దేహములలో పదునెనిమిదేండ్ల మనసులు చెక్కుచెదరక కూర్చుండియున్నవి. వియోగము గడియారమునకే కాని మనుష్యులకు సంభవింపలేదనిపించును.

మఱియొక దోషమును చెప్పవలయును. రసమును స్వశబ్దముచే చెప్పుట దోషమని మమ్మటుడు కావ్యప్రకాశమున పరిగణించెను. ‘శృంగారము’ అని పేర్కొన్నంతమాత్రమున శృంగారము కలుగదు. విభావానుభావముల వలన వ్యంజితము కావలయును. ఈ నవలలో పాత్రలు తమ ప్రేమను గూర్చి ఒకరికొకరు వివరించుకొనుచుందురు. ఎంత ప్రేమించినారో, ఏల ప్రేమించినారో, ఆ ప్రేమ తమ్మెట్లు తీర్చిదిద్దినదో మాటలతో చెప్పుకొందురు. చేతులు వణకుట, మాట తడబడుట, చెప్పదలచినది చెప్పక వేఱొకటి చెప్పుట వంటి అనుభావములు అరుదు. స్కాట్ ఫిట్జెరాల్డ్ 1925లో ప్రకటించిన ‘ది గ్రేట్ గాట్స్‌బీ’లో సుమారు అయిదేండ్లకు డెయిజీ ఎదుట నిలిచిన గాట్స్‌బీ గూటిపై నున్న గడియారమును తలతో తాకి పడద్రోయబోయి పట్టుకొనును. ఆతని తత్తరపాటు, కాలమును వెనుకకు త్రిప్పగోరు ఆతని వెఱ్ఱి, రెండును ఆ చిన్న చేష్టలో ధ్వనించినవి. అట్టి చేష్ట యొకటియైనను ఈ నవలలో నాకు దొరకలేదు.

భర్త పాత్ర

పునస్సమాగమ కథలలో మధ్యనున్న మూడవ మనిషిని రచయిత ఎట్లు చూచినాడనునది అతని న్యాయబుద్ధికి గీటురాయి. మార్క్వెజ్ నవలలో డాక్టర్ ఉర్బీనో సామాన్యుడైన అడ్డంకి కాడు. లోపములున్నను గౌరవింపదగిన భర్త. అతనితో గడపిన అర్ధశతాబ్దపు కాపురము కూడ ఒక విధమైన ప్రేమయే యని ఆ నవల ఒప్పుకొనును. విశ్వనాథ సత్యనారాయణగారి ‘ఏకవీర’లో ఒకరిని ప్రేమించి మఱొకరిని వివాహమాడిన నలుగురు ఎదురుపడుదురు. అందు ఎవ్వరును దుష్టులు కారు. పూర్వప్రేమ ఒకవైపు, మిత్రధర్మము, వివాహధర్మము మఱొకవైపు లాగుచుండ, దోషి యెవ్వడని వ్రేలు చూపలేని స్థితి కలుగుట వలననే ఆ కథకు గాంభీర్యము వచ్చినది.

స్పార్క్స్ ఫ్రాంక్‌ను తాగుబోతును చేసి తన పని సులభము చేసికొనెను. భర్త దుర్వ్యసని యైనచో భార్య పూర్వప్రియునితో గడపిన దినములను పాఠకుడు సులభముగా క్షమించును. దీనివలన సమస్య తేలికపడినది. ఇందు విచారింపవలసిన విషయమొకటి కలదు. ఫ్రాంక్ తాగుడునకు మూలము బిడ్డ మరణము. అనగా ఆ దుఃఖము భార్యాభర్తల కిరువురకును సమానము. చనిపోయిన బిడ్డను గూర్చిన జ్ఞాపకమును అమాండాతో పంచుకొనగలవాడు లోకమున ఫ్రాంక్ ఒక్కడే. డాసన్ ఎంత ప్రేమించినను ఆ బిడ్డను ఎత్తుకొనినవాడు కాడు. తొలిప్రేమ జ్ఞాపకము ఒకవైపు, కడుపుకోత జ్ఞాపకము మఱొకవైపు! ఇంతకంటె తీవ్రమైన సంఘర్షణము ఈ ఇతివృత్తమున ఊహింపలేము. రచయిత ఆ సామగ్రిని తానే సమకూర్చుకొని, దానిని తాకకయే విడిచినాడు. భార్యాభర్తలు కూర్చుండి ఆ బిడ్డను తలచుకొని మాటలాడిన ఘట్టము నవలకు నడుమ నిలువవలసినది. అది లేకపోవుట చేత నవల నడుము విరిగినది.

నిర్వహణము

పంచసంధులలో నిర్వహణము కడపటిది. అందు అద్భుతరసము ఉండవలయునని నాట్యశాస్త్రము చెప్పినది. కావున ఈ నవల చివరనున్న ఆశ్చర్యమును ఆశ్చర్యమన్న కారణముచేతనే నిందించుటకు మనకు అధికారము లేదు. శాకుంతలమున రాజు ఇంద్రరథమెక్కి వచ్చుచు దారిలో భార్యాపుత్రులను కాంచుట అద్భుతమే. అయితే ఆ యద్భుతమునకు బీజము ముందే నాటబడినది. ఉంగరము, శాపము, ఉంగరపు నష్టము, జాలరికి దాని లాభము, అన్నియు ఒకదానినుండి మఱొకటి పుట్టుచు వచ్చినవి. నిర్వహణమున విప్పబడు ముడి ముఖసంధిలో వేయబడిన ముడియే.

ఈ గీటుఱాతిపై డాసన్ మరణమును పరీక్షింతము. న్యాయముగా చెప్పవలసినచో, ఈ మరణమున ఒక భాగము బీజమునుండి పుట్టినదే. తనవలన మరణించిన వైద్యుని కుటుంబమునకు తాను ఋణపడితినని డాసన్ జీవితమంతయు తలచెను. ఆ వైద్యుని కుమారుని కాపాడుచు ప్రాణము విడుచుట ఆ ఋణమునకు తీర్పు. దాయాదుల పగ కూడ మొదటినుండి ఉన్నదే. ఇంతటితో ఆగియున్నచో ఇది గంభీరమైన నిర్వహణమై యుండెడిది. కాని రచయిత రెండు విధముల దానిని చెఱచెను.

మొదటిది ప్రేతము. కథారంభమునుండి డాసన్ కంటికి ఒక మనిషి నీడవలె కనబడుచుండును. చమురు బావి ప్రమాదమున సముద్రములో పడినప్పుడు దారి చూపి ప్రాణము కాపాడును. ఆ నీడ మరణించిన వైద్యుడే యని చివర తెలియును. కుమారుడు ఆపదలో నున్న చోటికి డాసన్‌ను నడిపించువాడును అతడే. తన యిచ్చచే, తన ఋణబుద్ధిచే పోవలసిన వానిని ప్రేతము చేయిపట్టి తీసికొనిపోయినచో, ఆ త్యాగము ఎవరిది? నాయకుని జీవితమున అతి ముఖ్యమైన నిర్ణయమును రచయిత అతని చేతినుండి లాగివేసెను.

రెండవది హృదయము. తన ప్రియుని హృదయమే తన కుమారునికి అమరుట కాకతాళీయము. 1967 డిసెంబరు 3వ తేదీన కేప్‌టౌన్ నగరమున క్రిస్టియాన్ బర్నార్డ్ తొలిసారి మనుష్యునికి మనుష్యహృదయమును అమర్చినది మొదలు ఈ చికిత్స సాధ్యమైనదే. దాతకు మస్తిష్కమరణము నిర్ధారితము కావలయును, రక్తవర్గము సరిపోవలయును, దేహపరిమాణము సరిపోవలయును, బయటకు తీసిన హృదయమును సాధారణముగా నాలుగు నుండి ఆఱు గంటలలోపల అమర్చవలయును, వేచియున్న రోగుల పట్టికలో ఎవరి యవసరము తీవ్రమో, ఎవరు దగ్గఱనున్నారో చూచి కేటాయింపవలయును. ఇవన్నియు ఒక్క రాత్రి, ఒక్క తల్లి కొఱకు, ఒక్క ప్రియుని మరణముతో కుదిరినవి. కుదురుట అసంభవమని అనను. అయితే కావ్యమునకు కావలసినది సంభావ్యత. జరుగగలిగియు నమ్మరాని దానికంటె, జరుగరానిదైనను నమ్మదగినది మేలని అరిస్టాటిల్ కావ్యశాస్త్రమున చెప్పిన మాట ఇట్టి చోటులకే. ఉంగరము చేప కడుపులో దొరకుటను మనము నమ్ముదుము. ఈ హృదయము దొరకుటను నమ్మలేము.

ఇంతకంటె పెద్ద దోషము ధ్వనికి సంబంధించినది. ప్రేమలో హృదయము నిచ్చుట యనునది సర్వభాషలలో నున్న లాక్షణిక ప్రయోగము. మన తెలుగున ‘మనసిచ్చుట’ అందుము. ఆ మాటలోని సొగసంతయు అది వాచ్యము కాకపోవుటలో నున్నది. స్పార్క్స్ దానిని శస్త్రచికిత్సాగారమునకు తీసికొనిపోయి వాచ్యము చేసినాడు. మనసిచ్చినవాడు గుండెకాయ నిచ్చినాడు! వ్యంగ్యముగా నున్నంతకాలము విస్తరించుచున్న అర్థము, మాంసఖండమై చేతికి అందగానే అక్కడనే ముగిసిపోయినది. పాఠకుడు ఊహించుటకు ఏమియు మిగులలేదు.

ఈ నిర్వహణము వలన కలిగిన నష్టము నిర్మాణమునకు మాత్రమే పరిమితము కాదు. అమాండా వెనుకకు మరలుటకు నిశ్చయించుకొనినది. అది కఠినమైన నిశ్చయము. దాని విలువ ఆ మఱునాటినుండి తెలియవలసినది. అతడు బ్రతికియున్నాడు, పిలిచిన వచ్చును, అయినను పిలువను అని ఆమె ప్రతిదినము తనకు తాను చెప్పుకొనవలసి యుండెడిది. వంటయింటిలో, భర్త ప్రక్కన, బిడ్డల పెండ్లిండ్లలో ఆ నిశ్చయమును మోయవలసి యుండెడిది. రచయిత ఆ బరువును ఆమె భుజములపై నిలువనీయలేదు. ప్రియుని చంపి, నిశ్చయమును విధిగా మార్చి, అతని హృదయమును కుమారుని ఱొమ్మున దాచి ఆమెను ఓదార్చెను. విడిచినదానిని మఱొక రూపమున తిరిగి పొందినది గనుక ఆమె విడుచుటకు అర్థము లేకపోయినది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేనివాడు ప్రశ్న వేసినవాని దృష్టిని మళ్ళించినట్లున్నది ఈ ముగింపు.

కన్నీరు, రసము

ఈ నవలను గూర్చి తరగతిలో మాటలాడినప్పుడు ఒక విద్యార్థిని లేచి, ‘ఇన్ని దోషములు చెప్పితిరి, అయినను చివరి పుటలు చదివి నేను ఏడ్చితిని. అది అసత్యమా?’ అని యడిగెను. ఆ ప్రశ్న నన్ను కొంతకాలము వెంటాడినది. ఆ యమ్మాయి కన్నీరు అసత్యము కాదు. దానిని చులకన చేయు విమర్శకుడు పాఠకులకు దూరమగును. ఈ నవల వలన ఏడ్చినవారు తమ తమ జీవితములలో విడిచివచ్చిన వారిని తలచుకొని ఏడ్చియుందురు. కథ ఆ తలపునకు తలుపు తీసినది. ఆ మేలును కాదనలేము.

అయితే కన్నీరు రసమునకు సాక్ష్యము కాగలదేమో కాని ప్రమాణము కాజాలదు. శరచ్చంద్రుని ‘దేవదాసు’ 1917లో వెలువడినది. 1953 నాటి తెలుగు చలనచిత్రము వలన మనకు ఇంటింటి కథ యైనది. అందును నాయకుడు మరణించును. అందును ప్రేక్షకులు ఏడ్చిరి. కాని దేవదాసు మరణము అతని పిఱికితనమునుండి, అనిశ్చయమునుండి, ఆ తర్వాతి తాగుడునుండి క్రమముగా పుట్టినది. పార్వతి వాకిటికి వచ్చి మరణించుట కూడ ఆమె కిచ్చిన మాటను చెల్లించుకొనుటకే. ఆ కథపై మనకు వేఱు అభ్యంతరము లుండవచ్చును. కాని దుఃఖించిన పిమ్మట మనకు ఒక మనిషి తెలిసియుండును. ‘ది బెస్ట్ ఆఫ్ మి’ ముగిసిన పిమ్మట మనకు ఒక సంఘటన మాత్రము తెలిసియుండును. ఆ విద్యార్థినికి నేను చెప్పిన సమాధానము ఇదియే: ‘ఏడ్చిన తర్వాత నీకు అమాండా మునుపటికంటె ఎక్కువగా అర్థమైనదా?’ ఆమె కొంతసేపు ఆలోచించి, ‘లేదు; ఆమెపై జాలి మాత్రము కలిగినది’ అనెను.

ఈ రచయితయే 1996లో తన తొలి నవలగా ప్రకటించిన ‘ది నోట్‌బుక్’ ఇదే ఇతివృత్తమును చేపట్టినది. అందు వియోగము పదునాలుగేండ్లు; నాయిక వేఱొకనితో వివాహమునకు సిద్ధపడియుండగా పూర్వప్రియుని వెదకికొని వచ్చును. అందును అతిశయోక్తి కలదు. అయినను ఆ కథ సమాగమముతో ముగియక వార్ధక్యము వరకు నడచును. జ్ఞాపకశక్తి నశించిన భార్యకు భర్త ప్రతిదినము తమ కథనే చదివి వినిపించును. అనగా దొరకిన ప్రేమను మరల మరల పోగొట్టుకొనుచు, మరల మరల వెదకుకొనుట. కాలము అక్కడ పాత్రయై నిలిచినది. పదునైదేండ్ల తర్వాత అదే రచయిత, అదే ప్రాంతమును, అదే ఇతివృత్తమును తీసికొని కాలమును తప్పించుకొనిపోవుట విచారకరము.

మన తెలుగు నవలా రచయితలకును ఇందు గ్రాహ్యమైన పాఠమున్నది. పూర్వప్రేమ ఎదురైన గృహిణి మనసులో ఏమి జరుగునో మన యిండ్లలో ఎవ్వరును అడుగరు, ఆమెయు చెప్పదు. అడుగుటకు చోటున్నది సాహిత్యమున మాత్రమే. అచట కూడ ఆ ప్రశ్న వేసి, జవాబు వచ్చులోపల ఎవరినో ఒకరిని చంపి కథ ముగించినచో, ఆమె మౌనమునకు మఱొక తాళము వేసినవార మగుదుము. ప్రియుడు మరణింపక, భర్త దుష్టుడు కాక, ఏ దైవమును నడుమ దిగక, ఆమె తన నిశ్చయముతో తాను మఱునాటి యుదయమున మేల్కొనిన కథను వ్రాయగలిగిన నవలాకారునికి ఈ ఇతివృత్తమున ఇంకను బోలెడంత చోటున్నది.